ఐదువందలో గోలు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. ఏ రోజుల్లో? నెల లేదా, తారీఖు లేదా? నా సంగతి మొదలైంది 1999 ఆగస్టు 16, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు. (మా మరిది ఎనిమిదిన్నరకి రమ్మన్నాడు, నేను ఎనిమిదీ ఇరవై అయిదుకే వెళ్ళాను, తాళం తీసేవాళ్ళు వచ్చేసరికి తొమ్మిదీ పది అయింది. ఆలస్యం నాది కాదని ముందే రాసి పెడుతున్నాను.) అయితే ఆ కాలం గురించి ఒక మాట చెప్పక తప్పదు. సింగపూర్‌లో ఆ ఏడాది కంప్యూటర్ తెలిసినవాడికీ, కంప్యూటర్ తెలిసినవాడి పక్కన బస్సులో కూర్చున్నవాడికీ కూడా ఉద్యోగం దొరికేది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని భయపడి, వాటికి తేదీ గుర్తుచేయడానికి మనవాళ్ళని విమానాల్లో రప్పించుకున్నారు. తేదీలు గుర్తుంచుకోవడమే అర్హతైతే అందరికన్నా ముందు నన్ను పిలవాల్సింది. కాని నేను వచ్చింది మావారి వెనక, రెండు పెట్టెలతో, టాంపినీస్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్‌లోకి.

నాకప్పుడు ముప్ఫై ఏడేళ్ళు. బీయెస్సీ లెక్కలు చదివి, పదహారేళ్ళు ఇల్లు చూసుకుని, మొదటి ఉద్యోగంలో చేరాను కాబట్టి ఉద్యోగం వరకూ నాది పడుచుతనమే. పడుచుతనంలో ఉండే పొగరు కూడా ఉండేది. బాపట్లలో ఉన్నప్పుడు కరెంటు ఎన్నింటికి పోయిందో ఎన్నింటికి వచ్చిందో రోజూ నోటుపుస్తకంలో రాసేదాన్ని. చివరికి లైన్‌మన్ కూడా "అమ్మగారూ, మొన్న మంగళవారం ఎన్నింటికి తీశామండీ?" అని మా ఇంటికొచ్చి అడిగి, తన రిజిస్టరు నింపుకుని వెళ్ళేవాడు. ఇంతటి గౌరవం అనుభవించినదాన్ని సింగపూర్ వచ్చి ఊరికే కూర్చుంటే కుళ్ళిపోతానని మావారే తమ్ముడితో మాట్లాడి ఈ ఉద్యోగం చూపించారు.

మా మరిదిది మనుషుల్ని పనిలో పెట్టే కంపెనీ. పాయా లేబార్ దగ్గర ఒక ఫ్యాక్టరీ భవనంలో నాలుగో అంతస్తులో రెండు గదులు. మూడో అంతస్తులో సోయా సాస్ సీసాల్లో నింపేవారు, అందుచేత మా ఆఫీసు కాగితాలన్నిటికీ ఆ వాసనే. ఆంధ్రా నుంచి దిగిన కుర్రాళ్ళ బయోడేటాలు తీర్చిదిద్ది బ్యాంకులకు పంపడం పని. రెండేళ్ళ అనుభవంతో మా గుమ్మం తొక్కిన కుర్రాడు సాయంత్రానికి ఆరేళ్ళవాడయ్యేవాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు, వాళ్ళు చూడగానే సగం కొట్టేసేవారు. సగం కొట్టేస్తారని మా మరిదికి తెలుసు, అందుకే రెట్టింపు దగ్గర ఆగేవాడు కాదు. మధ్యలో ఎవడైనా ఉన్నదున్నట్టు రాసుకొస్తే వాడి రెండేళ్ళలో ఏడాది కొట్టేసి, ఏడాది అనుభవం చాలదని ఇంటికి పంపేవారు. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదని, ఇది ఒక పద్ధతి అని, మా మరిది నాకు మొదటి రోజే బోధించాడు. ఆఫీసులో అతనికి పేరు "రౌండ్ ఫిగర్". నా బయోడేటా కూడా అతనే తయారుచేశాడు. ఎనిమిదేళ్ళ డేటా మేనేజ్‌మెంట్ అనుభవం అని ఉంది.

"ఎక్కడ చేశానయ్యా ఎనిమిదేళ్ళు?"

"పాలవాడి కేలండర్ రాశావు కదా వదినా. అది డేటాబేసే."

"అది పదహారేళ్ళు రాశాను. ఎనిమిదని ఎందుకు తగ్గించావు?"

మా మరిది తల పట్టుకున్నాడు. నేను ఎర్రసిరా కలంతో ఆ వాక్యం కొట్టేసి "అనుభవం: లేదు" అని రాశాను. ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి అది చూసి "అయ్యయ్యో అక్కా, ఇలా రాస్తే ఫుడ్ సెంటర్‌లో గిన్నెలు కడగడానికి కూడా తీసుకోరు లా!" అంది. ఈ అమ్మాయి రోజూ పొద్దున్నే సరిహద్దు దాటి జొహోర్ నుంచి వచ్చేది. వాళ్ళ ముత్తాత మలయా తోటల్లోకి వచ్చిన తెలుగువాడు. మా అందరికీ ఆమె "జొహోర్ పిల్ల". తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో మలుపు తిప్పి, మలయ్‌లో ఒక "లా" తగిలించి ముగించేది. మధ్యాహ్నం పన్నెండూ ఐదుకల్లా "అక్కా, మకాన్ పోదాం వా, నేను టేబుల్ చోప్ చేసి పెట్టాను" అని పిలిచేది. (మకాన్ అంటే తిండి. చోప్ అంటే భోజనం తెచ్చుకునేలోపు ఎవరూ కూర్చోకుండా బల్లమీద కాగితపు రుమాళ్ళ పొట్లం పెట్టి రావడం. ఆ పొట్లాన్ని ఒక్కరూ ముట్టుకోరు. ఆ ఊళ్ళో నాకు మొదట నచ్చిన నిజాయితీ అదే.)

నవంబరు వచ్చేసరికి మా మరిదికి కుర్రాళ్ళ మీద మొహం మొత్తింది. ఎవర్ని చూసినా వెబ్‌సైట్ పెడుతున్నారు, పెట్టినవాడికి పెట్టుబడి దొరుకుతోంది. ఆటల వెబ్‌సైట్ పెడదామని కూర్చుని లెక్క వేసుకున్నాడు. క్రికెట్‌కి పెట్టేశారు. ఫుట్‌బాల్‌కి పెట్టేశారు. బ్యాడ్మింటన్‌కి నాలుగున్నాయి.

"ఐస్ హాకీకి ఒక్కటి కూడా లేదు వదినా! సింగపూర్ మొత్తం మీద!"

"ఎందుకు లేదో ఆలోచించావా?"

"అదే కదా మార్కెట్లో ఖాళీ అంటే!"

ఏడాది పొడవునా ముప్ఫై రెండు డిగ్రీల ఉక్కపోత ఉండే ఊరు. మొత్తం దేశానికి మాకు తెలిసిన ఐసు మైదానం ఒక్కటే, పడమటి వైపు ఒక షాపింగ్ భవనంలో, బూట్ల దుకాణానికి పైన. అక్కడ పిల్లలకి జారడం నేర్పే మాస్టారు కెనడాలో పదహారేళ్ళు జీతానికి ఐస్ హాకీ ఆడి రిటైరైనవాడని ఎవరో చెప్పారు. మా మరిది అతన్ని వెబ్‌సైట్‌కి "ముఖం"గా మాట్లాడాడు.

నవంబరు 9, మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి ఆ మనిషి వచ్చాడు. ఆరడుగుల రెండంగుళాలు. ముందు పళ్ళు మూడు కట్టుడువి, ముక్కు కుడివైపు బయల్దేరి సగం దారిలో మనసు మార్చుకుని ఎడమవైపు వచ్చింది. మేము అతనికి వెంటనే "ఐస్ దొర" అని పేరు పెట్టేశాం. ఆయన ఫార్వర్డ్. అంటే ముందుకు వెళ్ళి ప్రత్యర్థి వలలో గోలు వేసేవాడు. నాలుగు సీజన్లు తన లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ వేశాడు. అది రెండో వరస లీగు. పై లీగువాళ్ళు పిలిచింది తొమ్మిది ఆటలకి, ఆ తొమ్మిదింట్లో వేసినవి సున్నా. ఆ తొమ్మిది తన కాగితంలో రాసుకోలేదు. ఎందుకు రాయలేదని అడిగితే "చెప్పుకోవడానికేముంది?" అన్నాడు. మా మరిది కుర్చీలోంచి లేచిపోయాడు. "పై లీగులో ఆడాడా! అదీ హెడ్డింగు!"

దొర తెచ్చిన కాగితం మీద అంకెలు చూసి మా మరిది మా పద్ధతి ప్రకారం బయోడేటాలోకి మార్చడం మొదలుపెట్టాడు. అసిస్టులు ఏడువందల రెండు. ఈ ఆటలో గోలు వేసినవాడితోపాటు, చివరగా నల్లబిళ్ళని (ఈ ఆటలో బంతికి బదులు అదే) అందించిన ఇద్దరికి కూడా పేరు రాస్తారట. "ఇద్దరికేనా?" అని మా మరిది జాలిపడ్డాడు. "మనవాళ్ళు ఒక ప్రోగ్రామ్ రాస్తే పదకొండుమంది బయోడేటాల్లో ఉంటుంది." తరువాత పెనాల్టీ నిమిషాలు, ఆరువందల పదకొండు. నిమిషాలు కనిపించేసరికి అతనికి మా ఆఫీసు టైమ్‌షీట్లు గుర్తొచ్చాయి. వారానికి నలభై నాలుగు గంటలు దాటి పనిచేసిన ప్రతి నిమిషాన్నీ క్లయింటుకి బిల్లు చేసే అలవాటు కదా. "అదనపు శ్రమ: ఆరువందల పదకొండు నిమిషాలు, స్వచ్ఛందంగా" అని టైపు చేయించాడు. అవి ఎదుటివాళ్ళని కొట్టినందుకు, తోసినందుకు, రిఫరీని తిట్టినందుకు శిక్షగా పక్కన బెంచీ మీద కూర్చున్న నిమిషాలని దొర వివరించాడు. మా మరిది కాసేపు ఆలోచించి "టీమ్ కోసమే కదా కొట్టాడు? ఉండనీ" అన్నాడు.

ఇక గోల్స్. నాలుగువందల తొంభై తొమ్మిది.

"ఐదువందలు వెయ్ వదినా" అన్నాడు మా మరిది నా వైపు చూడకుండానే.

నేను నోరు తెరిచేలోపు దొర ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. మా గదిలో నేను కాక ఇంకో మనిషి తన అంకె పెంచొద్దని అడ్డుపడటం అదే మొదటిసారి. నిజానికి తను వేసినవి ఐదువందలేనని, 1978 ఫిబ్రవరిలో ఒక ఆటలో తను వేసిన గోలు పొరపాటున పక్కవాడి పేరున రాసేశారని, అది సరిదిద్దితేనే ఐదువందలని, ఊరికే వేసుకుంటే కాదని చెప్పాడు. వాళ్ళ ఊరి మైదానంలో ఒక ఆచారం ఉందట. ఐదువందలు పూర్తిచేసినవాడి చొక్కా పైకప్పుకి వేలాడదీస్తారు. మూడు చొక్కాలున్నాయి. ఆయన ఆఖరి సీజన్‌లో, ఎలాగూ అవుతాయి కదా అని, నాలుగో కొక్కెం కూడా బిగించారు. ఆఖరి పదకొండు ఆటల్లోనూ గోలు పడలేదు. కొక్కెం అలాగే ఉంది.

"ఎవరైనా కాగితాలన్నీ మళ్ళీ చూస్తే దొరుకుతుంది మేడమ్. మా అమ్మ ఒక ట్రంకు నిండా దాచింది, అది నాతో ఇక్కడికే తెచ్చుకున్నాను. చూసే ఓపిక ఎవరికీ లేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. ట్రంకు నిండా లెక్కచూడని కాగితాలు! మావారు పెళ్ళినాడు కూడా అంత మంచి మాట అనలేదు.

డిసెంబరు నుంచి మంగళ, శుక్రవారాలు ఆ ఐసు మైదానం పక్కన కాఫీ బల్ల మీద నా పని. బయట చెమటలు, లోపల ఎముకలు కొరికే చలి. చీర మీద మావారి స్వెటర్, దానిమీద శాలువా, తలకి మఫ్లర్. తువాస్ ఓడల యార్డుకి పోయే బస్సు కోసం వచ్చిన ఆంధ్రావాళ్ళు ఎవరో కిటికీలోంచి చూసి, ఊటీ నుంచి వచ్చిందేమో పాపం అనుకున్నారట. ట్రంకులో వెయ్యిన్నీ తొంభై మూడు స్కోరు కాగితాలున్నాయి. ఒక్కో ఆటకి ఒకటి. నేను సీజన్ వారీగా కట్టలు కట్టి, ఒక్కో గోలుకీ గీత గీస్తూ పోయాను. దొర పాఠాలు అయ్యాక వచ్చి కూర్చునేవాడు. ఏ కాగితం చూపించినా ఆ రోజు బస్సులో ఏం తిన్నారో కూడా చెప్పేవాడు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది 1981 నవంబరు ఆట. ఆ రోజు ఐసు గడ్డకట్టించే యంత్రం పాడై మైదానం సగం చెరువైపోయిందట. నల్లబిళ్ళ నీళ్ళలో కప్పలా గెంతుతుంటే, వీళ్ళంతా మోకాళ్ళ దాకా తడిసి ఈడ్చుకుంటూ పరిగెడుతుంటే, ఈయన బోర్లాపడి, పడిన పడడంలోనే కర్రతో తోస్తే అది నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళి వలలో పడిందట. "జీవితంలో నేను ఈదుకుంటూ వేసిన గోలు అదొక్కటే మేడమ్!" అని చెప్పి ఆయన నవ్వితే కట్టుడు పళ్ళు కదిలేవి. ఆ కథ నాకు ఆరుసార్లు చెప్పాడు. చెప్పిన ఆరుసార్లూ నీళ్ళు ఒక్కో అంగుళం పెరిగాయి.

ఫిబ్రవరి 11న, శుక్రవారం, 1978 కట్టలో గులాబీరంగు కార్బన్ నకలు దొరికింది. వెనకవైపు రిఫరీ పెన్సిలుతో, "గోలు తొమ్మిదో నంబరుది కాదు, పదిహేడో నంబరుది" అని రాసి సంతకం చేశాడు. పదిహేడు మన దొర. ముందువైపు మాత్రమే చూసి లీగు ఆఫీసులో ఎక్కించేశారన్నమాట. వెంటనే ఆ లీగు ఆఫీసుకి ఫ్యాక్స్ పంపాను. అక్కడ రికార్డులు చూసేది ఒక పెద్దావిడట. ఫిబ్రవరి 21, సోమవారం, సాయంత్రం నాలుగూ నలభైకి జవాబు వచ్చింది. మీరు చెప్పింది నిజం, సరిదిద్దాము, ఐదువందలు. కింద తన చేత్తో, "ఇలాంటి ఉత్తరం కోసం ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నాను" అని రాసింది.

దొర ఆ కాగితం చదివి ఏం చెయ్యాలో తోచక జొహోర్ పిల్ల కూర్చున్న కుర్చీని ఆ పిల్లతో సహా పైకెత్తి గుండ్రంగా తిప్పేశాడు.

"అమ్మమ్మో! బాస్! దించమని చెప్పు లా! నా చెప్పు పోయింది!"

దించాక నా నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఒక పేజీ నిండా 500 అని రాసి సంతకం పెట్టాడు. ఏప్రిల్ నెలకి ఊరికి టికెట్టు కొనుక్కున్నాడు. కొక్కేనికి చొక్కా తొడగడానికి ఊళ్ళో తేదీ కూడా అడుగుతున్నారని చెప్పాడు. మా మరిది నిలువెత్తు అట్టలు ఆర్డరిచ్చాడు. దొర బొమ్మ, పక్కన 500. వెబ్‌సైట్ ప్రారంభం మార్చి 11, శనివారం, పదకొండింటికి, ఐసు మైదానంలోనే.

ఇక్కడ ఏ బుద్ధిమంతురాలైనా ట్రంకు మూసేసేది. మార్చి 3, శుక్రవారం సాయంత్రం నేను ఇంట్లో భోజనాల బల్ల మీద నా గీతలు ముందేసుకుని కూర్చుంటే మావారు కంచం పట్టుకుని చోటు కోసం చూస్తూ అడిగారు.

"గోల్స్ సరిపోయాయి కదా? ఇంకా ఏం లెక్కపెడుతున్నావు?"

"ఆటలు."

"ఆటలెందుకు?"

"గోల్స్ అందరూ లెక్కపెడతారు. ఆటలు ఎవరూ లెక్కపెట్టరు."

మావారు నిట్టూర్చి కంచం పట్టుకుని టీవీ ముందుకి పోయారు. నేను లెక్కపెట్టాను. 1981–82 సీజన్‌లో ఆ లీగులో ఒక్కో జట్టుకి డెబ్బై రెండు ఆటలు. నా దగ్గర డెబ్బై మూడు కాగితాలున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. డెబ్బై మూడే. డిసెంబరు ఆట ఒకదాని మూలన చిన్న అక్షరాలతో ఉంది, నవంబరులో మధ్యలో ఆగిపోయిన ఆటకి బదులు ఇది అని. అంటే ఆ నీళ్ళ ఆట పూర్తి కాలేదు. దాన్ని రద్దుచేసి, మళ్ళీ మొదటినుంచి ఆడించారు. కాని రద్దయిన ఆటలో వేసిన గోలు పొరపాటున లెక్కలో ఉండిపోయింది.

సోమవారం, మార్చి 6, పదీ పదిహేనుకి ఆ పెద్దావిడకి రెండో ఫ్యాక్స్ పంపాను. ఎవరితోనూ అనలేదు. దొరని అడగలేదు. లెక్క తప్పితే తప్పిందని చెప్పడానికి ఒకరి అనుమతి ఏమిటి అనుకున్నాను. (ఇలా అనుకున్నది నేనే. ఈ వాక్యం రాయడానికి నాకు పావుగంట పట్టింది.)

శనివారం పొద్దున్న ఎనిమిదీ ఐదుకి ఆఫీసులో జవాబు ఉంది. పూర్తికాని ఆటలో గోల్స్ చెల్లవు, తీసివేశాము, నాలుగువందల తొంభై తొమ్మిది. ఈసారి కింద ఆమె చేత్తో ఏమీ రాయలేదు.

నలభై నిమిషాల రైలు. ఆ కాగితం సంచిలో పెట్టుకుని వెళ్ళేసరికి మైదానం నిండుగా ఉంది. జనం కోసం మా మరిది తువాస్ ఓడల యార్డులో పనిచేసే శ్రీకాకుళంవాళ్ళని ముప్ఫైమందిని బిర్యానీ పొట్లాలు ఇస్తానని లారీలో తెప్పించాడు. (పెట్టుబడిదారుకి ఇచ్చిన కాగితంలో వీళ్ళు "రోజువారీ సందర్శకులు, మూడువందలు".) పాపం అంతా పొట్టిచేతుల చొక్కాల్లో చేతులు చంకల్లో పెట్టుకుని వణుకుతున్నారు.

"ఏటమ్మా, ఆ నల్లబిళ్ళ కోసమేనేటి ఇంత గొడవ?" అని ఒకతను నన్నడిగాడు.

"అంతేనయ్యా."

"మరొకటి కొనుక్కోవచ్చు కదేటి, తలోటీ?"

మా మరిది కొత్త కోటులో ఎదురొచ్చాడు. నేను కాగితం చూపించాను. ఐసు కన్నా తెల్లబడ్డాడు.

"వదినా! ఒక్కటే కదా!"

"ఒక్కటే."

"ఒక్కటి ఎవడికి కనపడుతుంది? సోమవారం చెబుదాం. నీకు దణ్ణం పెడతాను, అన్నయ్య మీద ఒట్టు, ఇవాళ్టికి ఆ సంచి మూసెయ్."

"అక్కడ ఐదువందలని అట్ట పెట్టి, ఇక్కడ ఈ కాగితం సంచిలో పెట్టుకుని నేనెలా నించోనయ్యా?"

"కూర్చో! కుర్చీ వేయిస్తా!"

నేను కూర్చోలేదు. దొర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న గదిలోకి వెళ్ళాను. పదీ నలభై. ఆయన కొత్త పదిహేడో నంబరు చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి ఒక్క ఊపున లేచి నిలబడ్డాడు. కాగితం ఇచ్చాను. చదివాడు. మళ్ళీ చదివాడు. తాళ్ళు కట్టని బూటు వైపు చూశాడు.

"నీళ్ళ ఆటా?"

"అవును."

"అది వాళ్ళకెలా తెలిసింది?"

"నేను రాశాను."

"నన్ను అడగలేదేం మేడమ్?"

"అడిగినా లెక్క మారదుగా."

ఆయన కోప్పడితే బాగుండేది. ఆరువందల పదకొండు నిమిషాల శిక్ష అనుభవించిన మనిషి, ఒక అరుపుకి లోటా? ఆయన మాత్రం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కాలో దోపుకుని, మిగిలిన తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ముడి మూడుసార్లు వేశాడు.

పదకొండింటికి ఐసు మధ్యకి జారుకుంటూ వెళ్ళి మైకు పట్టుకున్నాడు. వెనక నిలువెత్తు 500. తను వేసినవి నాలుగువందల తొంభై తొమ్మిదని, అట్ట తప్పని, ఆ ఒక్కటి నీళ్ళలో కొట్టుకుపోయిందని చెప్పాడు. చెప్పి, ఆ నీళ్ళ గోలు కథ ఏడోసారి మొదలుపెట్టాడు. ఈసారి నీళ్ళు పెంచలేదు. మా జొహోర్ పిల్ల మైకు పక్కన నిలబడి తెలుగులోకి మార్చింది. "పడిపోయినాడు అన్నా, తన్నీలో పడి, స్విమ్మింగ్ చేసి గోల్ కొట్టినాడు, తర్వాత వాళ్ళు చెల్లదు అని చెప్పేసినారు, పావం!" శ్రీకాకుళంవాళ్ళు వణుకుతూనే లేచి ఈలలు వేశారు. "నాలుగువందలే! అన్నేసి కొట్టేసి ఇంకా ఏడుపేటండీ?" అని నా పక్కనున్నతను మెచ్చుకున్నాడు. ఐదువందలైతేనే చొక్కా వేలాడదీస్తారన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పెట్టుబడి పెట్టడానికి వచ్చిన చైనా అంకుల్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. మా మరిది దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా చెప్పాడు. "మిస్టర్, అందరూ ఎక్కువ చెప్తారు లా. నేను సగం తీసేస్తాను, ప్రాబ్లం లేదు. మీ మనిషి తక్కువ చెప్పాడు. తక్కువ చెప్పేవాళ్ళ దగ్గర ఎంత తీసెయ్యాలో నాకు తెలీదు." అని చేయి కలిపి, బిర్యానీ పొట్లం ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 31, శుక్రవారం నా ఆఖరి రోజు. (తీసేశాడని అనను. "నీకు రెస్టు కావాలి వదినా" అన్నాడు.) బల్ల సర్దుకుంటుంటే దొర వచ్చాడు. టికెట్టు రద్దు చేసుకున్నానన్నాడు. నేను క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటుండగా ఆయనే మొదలుపెట్టాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఎవరడిగినా చెప్పడానికి నాకొక మాట ఉండేది మేడమ్. నేను ఐదువందలు వేశాను, ఒకటి నాకు రాయలేదు అని. రాత్రి నిద్ర పట్టకపోతే అది తలుచుకునేవాణ్ణి, హాయిగా కోపం వచ్చేది. ఇప్పుడు మీరు అన్నీ సరిగ్గా చూశారు. అన్యాయం ఏమీ జరగలేదు. నావి ఉత్తి నాలుగువందల తొంభై తొమ్మిది."

నేను సర్దేసిన బల్లనే మళ్ళీ సర్దాను.

వెళ్ళేముందు నా గీతల పుస్తకం నకలు కావాలన్నాడు. పదహారు సీజన్ల ఆటలు, ఒక్కటి వదలకుండా, మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు లోకంలో ఎవరూ లేరని, వాళ్ళమ్మ కూడా సొంత ఊళ్ళో జరిగిన ఆటలకే వచ్చేదని అన్నాడు. సోయా సాస్ వాసన వేసే యాభై నాలుగు పేజీలు జిరాక్సు తీసి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నాడు.

ఇప్పుడు నాకు అరవై మూడు. మా మరిది ఫ్లాట్లు అమ్ముతాడు, తొమ్మిదివందల అరవై చదరపు అడుగుల్ని వెయ్యి అంటాడు. పెళ్ళిళ్ళలో కనిపిస్తే నన్ను "ఒక్క గోలు వదిన" అని కొత్త చుట్టాలకి పరిచయం చేస్తాడు. అప్పటి నన్ను తలుచుకుంటే, శాలువా కప్పుకుని, కలం బిగించి పట్టుకుని, లోకంలోని తప్పులన్నీ వారం తిరక్కుండా దిద్దేయాలని కూర్చున్న ఆ ముప్ఫై ఏడేళ్ళ పిల్ల కనిపిస్తుంది, నవ్వొస్తుంది. ఇప్పుడైతే ఆ రెండో ఫ్యాక్స్ పంపేదాన్నా? పంపేదాన్నే. కాని ముందు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పేదాన్ని, చెప్పడం కూడా ప్రారంభం అయ్యాక, సోమవారం చెప్పేదాన్ని. ఆయన ఐదువందల మనిషిగా ఉన్నది ఫిబ్రవరి 21 నుంచి మార్చి 11 దాకా పంతొమ్మిది రోజులు. ఇరవై ఒకటి అయ్యుండేవి.

పోయినవి: గోలు, ఒకటి. డాట్‌కామ్, ఒకటి (అదెలాగూ ఆ ఆగస్టుకి పోయే జాతే, అయినా రాస్తున్నాను). ఉద్యోగం, ఏడు నెలల పదిహేను రోజులది, ఒకటి. విమానం టికెట్టు, ఒకటి. ఒక మనిషి ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న ఫిర్యాదు, ఒకటి.

మొత్తం ఐదు. రెండుసార్లు కూడి చూశాను.